పశువుల ఎరువును యంత్రంతో పొలమంతా సమానంగా చల్లడం ఎలా

ఎండాకాలం చివర్లో ఏ ఊరి పొలాలు చూసినా ఎరువు కుప్పలు వరసగా కనిపిస్తాయి. ట్రాలీతో తోలి, పదిహేను ఇరవై అడుగులకు ఒక కుప్ప పోసి, తొలకరి పడేదాకా అలాగే వదిలేస్తారు. తర్వాత కూలీలు దొరికితే తట్టలతో ఎత్తి చల్లిస్తారు, దొరక్కపోతే కల్టివేటర్‌తోనే ఈడ్చేస్తారు. పైరు ఎదిగాక తేడా తెలుస్తుంది. కుప్ప ఉన్నచోట వరి నల్లపచ్చగా పెరిగి పడిపోతుంది, రెండు కుప్పల మధ్య పాలిపోయి ఉంటుంది. ఎరువు కొన్న డబ్బు, తోలిన డీజిలు మొత్తం పొలానికి ఖర్చయ్యాయి, అందింది మాత్రం కొన్ని చోట్లకే.

ఎరువు చల్లే యంత్రం, అంటే మెన్యూర్ స్ప్రెడర్, ఇప్పుడు చాలా ప్రాంతాల్లో అద్దెకు దొరుకుతోంది. దీన్ని చాలామంది కూలీల కొరతకు మందుగా చూస్తున్నారు. అది నిజమే, కానీ దీని అసలు విలువ వేరే ఉంది. పొలంలో ప్రతి సెంటుకూ దాని వాటా దానికి చేరవేయగలదు. అయితే యంత్రం తెచ్చినంత మాత్రాన ఆ సమానత్వం రాదు. కొలవాలి. కొలవకుండా స్ప్రెడర్ తోలితే కుప్పల బదులు చారలు వస్తాయి, అంతే తేడా. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం కొలత గురించే ఉంటుంది.

మీ ఎరువుకు సరిపోయే యంత్రం

మన దగ్గర ఎక్కువగా కనిపించేది ట్రాలీ రకం. బయటికి మామూలు ట్రాలీలాగే ఉంటుంది. లోపల అడుగున గొలుసులు, వాటికి అడ్డంగా బిగించిన ఇనుప బద్దలు ఉంటాయి. గొలుసు కదులుతుంటే ఆ బద్దలు ఎరువును మెల్లగా వెనక్కి తోస్తాయి. వెనక పళ్లున్న రోలర్లు తిరుగుతుంటాయి. వీటిని బీటర్లు అంటారు. ఇవి ముద్దలను చిదిపి పొలం మీదికి విసురుతాయి. వీటికి బలం ట్రాక్టర్ పీటీవో నుంచి, అంటే ట్రాక్టర్ వెనక యంత్రాలను తిప్పే షాఫ్టు నుంచి వస్తుంది, నిమిషానికి 540 చుట్లు.

బీటర్లు అడ్డంగా ఉంటే ఎరువు ట్రాలీ వెడల్పుకు కాస్త అటూఇటూగా పడుతుంది. నిలువుగా ఉంటే ఇంకా దూరం వెళ్తుంది. కొన్ని యంత్రాలకు వెనక కింద రెండు తిరుగుడు పళ్లేలు ఉంటాయి. పొడిగా, పొడిపొడిగా ఉండే కోళ్ల ఎరువుకూ వర్మీకంపోస్టుకూ అవి బాగా పనికొస్తాయి. గడ్డి, చొప్ప కలిసిన పశువుల ఎరువుకు బీటర్లే కావాలి, ఉత్త పళ్లేలకు అందిస్తే మొద్దుగా ముద్దలు పడతాయి. బయోగ్యాస్ ప్లాంటు నుంచి వచ్చే పల్చటి స్లర్రీకి ఇవేవీ కుదరవు, దానికి ట్యాంకర్ వేరే ఉంటుంది.

రెండు మూడు టన్నులు పట్టే స్ప్రెడర్‌ను 45 నుంచి 50 హెచ్‌పీ ట్రాక్టర్ ఇబ్బంది లేకుండా లాగుతుంది. అద్దెకు మాట్లాడేటప్పుడు యజమానిని ఒక్క విషయం తప్పకుండా అడగండి: అడుగు గొలుసు వేగాన్ని మార్చుకునే వీలుందా? వీలుంటే మీ పొలానికి కావలసినంతే వేయించుకోవచ్చు. లేకపోతే ట్రాక్టర్ గేరు మార్చి సర్దుకోవడం ఒక్కటే దారి.

2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం కింద యంత్రాలకు సబ్సిడీ, గ్రామాల్లో అద్దె యంత్రాల కేంద్రాలకు సాయం ఉన్నాయి. తెలంగాణలో మీ రైతు వేదికలో ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని), ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రంలో అడిగితే దగ్గరలో యంత్రం ఎక్కడుందో చెబుతారు. రెండు మూడు ఎకరాల రైతులు ఒక్కొక్కరే పిలిపించుకుంటే యంత్రం రానుపోను ఖర్చే ఎక్కువవుతుంది. ఒకే బాటలో ఉన్న నలుగురైదుగురు కలిసి ఒకే రోజు పెట్టుకోండి. కుప్ప తిరగేయడానికి, ట్రాలీ నింపడానికి పెట్టుకునే జేసీబీ అద్దె కూడా అలాగే పంచుకోవచ్చు.

ఎరువు చివికిందా?

పచ్చి పేడను యంత్రంతో చల్లితే పచ్చి పేడ చేసే నష్టం పొలమంతా సమానంగా జరుగుతుంది. చివకని ఎరువుతో చెదలు వస్తాయి, వేరుశనగలో చెరకులో వేరుపురుగు వస్తుంది, కలుపు విత్తనాలు బతికే వస్తాయి. పైగా అందులోని పచ్చి గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని ముందు తామే వాడుకుంటాయి. అందుకే ఎరువు వేసిన నెలరోజులకు కూడా పైరు పసుపురంగులో నిలబడి ఉంటుంది. రైతు ఎరువు పనిచేయలేదనుకుని యూరియా చల్లుతాడు.

కుప్పలోకి ఒక పొడవాటి ఇనుప కడ్డీ దించి, పది నిమిషాల తర్వాత తీసి పట్టుకుని చూడండి. చేయి కాలేంత వేడిగా ఉంటే లోపల పని ఇంకా జరుగుతోందని అర్థం. చివికిన ఎరువు చల్లబడి, నల్లగా, మట్టి వాసన వేస్తుంది. అందులో గడ్డిపోచ ఏదో పేడ ఏదో విడిగా గుర్తుపట్టలేం. గుప్పిట్లోకి తీసుకుని పిసికితే ముద్ద కావాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు, ముద్దను వేలితో తాకితే విడిపోవాలి. ఈ పదును చల్లడానికీ మంచిది. బాగా తడిగా ఉంటే బీటర్లకు అతుక్కుంటుంది, మరీ పొడిగా ఉంటే దుమ్మై గాలికి పోతుంది.

ఇంకా చివకకపోతే జేసీబీతో కుప్పను పదిహేను ఇరవై రోజులకోసారి తిరగేయించండి. పొడిగా ఉన్నచోట నీళ్లు పెట్టండి. కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలబడితే కలుపు విత్తనాల్లో చాలా భాగం చస్తాయి. పైపొరకు ఆ వేడి అందదు, అందుకే తిరగేసి బయటిది లోపలికి పంపాలి.

కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటలున్నవాళ్లు ఇంకొకటి చూడాలి. కొమ్ముపురుగు గుడ్లు పెట్టేది ఈ ఎరువు కుప్పల్లోనే. తిరగేసేటప్పుడు బొద్దుగా, తెల్లగా, సున్నాలాగా ముడుచుకుని ఉన్న పురుగులు కనిపిస్తే ఏరి చంపండి. మెటారైజియం అనే శిలీంద్రాన్ని కుప్పకు పట్టిస్తే మిగతావాటిని అది చూసుకుంటుంది. పురుగుతో సహా ఎరువును తోటలో చల్లితే వచ్చే ఏడు మొవ్వులు విరిగేది మీ తోటలోనే.

చెత్త ఏరడం

ఊరి పెంటదిబ్బల్లో ఇప్పుడు పేడ ఎంతుందో ప్లాస్టిక్ అంత ఉంది. కవర్లు, పాత చీరలు, సెలైన్ పైపులు, సీసాపెంకులు, కట్టుతీగ, పిల్లల చెప్పులు. తట్టతో చల్లే కూలీ చేతికి తగిలితే తీసి గట్టున పడేసేవాళ్లు. యంత్రం తీయదు. గుడ్డ, తాడు బీటర్లకు చుట్టుకుని పని ఆపేస్తాయి. రాయి తగిలితే తుపాకీ గుండులా దూసుకొస్తుంది. కవర్లు ముక్కలై నేలలో కలిసిపోతాయి, వాటిని మళ్లీ ఎవ్వరూ ఏరలేరు. ఈ నేలను మన తర్వాత పిల్లలు దున్నాలి. ఒక పూట ఖర్చు పెట్టి ఏరించండి.

తేలికైన పద్ధతి: కుప్పను తిరగేసే ప్రతిసారీ జేసీబీ బకెట్‌తో పల్చగా పరిపించి, ఇద్దరు మనుషులు కొక్కేలతో ఏరుకుంటూ వెళ్లాలి. చేతులకు గ్లవ్స్, కాళ్లకు బూట్లు ఉండాలి, ఎందుకంటే సూదులు కూడా ఉంటాయి. చెరువు మట్టిని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ బీటర్ల స్ప్రెడర్‌లో వేయకండి. అందులో గులకరాళ్లు, గడ్డలు ఉంటాయి. దానికి మామూలు ట్రాలీ, వెనక లెవెలింగ్ బ్లేడు చాలు.

పట్టణాల చెత్తతో చేసిన సిటీ కంపోస్టు కొంటుంటే సంచి మీద పరీక్ష వివరాలు అడగండి. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో దీనికి ప్రమాణాలున్నాయి. సీసం కిలోకు 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదు. వివరం చూపించలేని సరుకును, ఉచితంగా ఇచ్చినా, పొలంలోకి రానివ్వకండి.

ఎకరాకు ఎంత?

పశువుల ఎరువులో సగటున నత్రజని 0.5 శాతం, భాస్వరం 0.2 శాతం, పొటాష్ 0.5 శాతం ఉంటాయి. అంటే ఎకరాకు 4 టన్నులు వేస్తే 20 కిలోల నత్రజని, 8 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్. ఇదంతా ఈ పంటకే అందదు. నత్రజనిలో దాదాపు మూడో వంతే మొదటి పంటకు దొరుకుతుంది, మిగతాది తర్వాతి పంటలకు మెల్లగా విడుదలవుతుంది. పత్తి, మొక్కజొన్న, వరికి 4 టన్నులు మంచి లెక్క. మిరప, పసుపు లాంటి పంటలకు 10 టన్నుల దాకా వేస్తారు.

కోళ్ల ఎరువు సంగతి వేరు. అందులో నత్రజని 3 శాతం దాకా, భాస్వరం రెండున్నర శాతం పైన ఉంటుంది. పశువుల ఎరువు కంటే దాదాపు ఆరు రెట్ల బలం. పశువుల ఎరువుకు పెట్టిన అమరికతోనే కోళ్ల ఎరువు చల్లితే లేత మొక్కల వేళ్లు మాడతాయి, వరి ఏపుగా పెరిగి పడిపోతుంది, ఆకుపచ్చదనం చూసి పురుగు వస్తుంది. బాగా చివికిన కోళ్ల ఎరువు ఎకరాకు ఒకటి నుంచి రెండు టన్నులు చాలు.

అతి ఎంతో తెలియడానికి ఒక గీటురాయి ఉంది. యూరప్ దేశాలు 1991లో చేసుకున్న నైట్రేట్ల నిబంధన ప్రకారం భూగర్భజలాలు కలుషితమయ్యే ప్రాంతాల్లో పశువుల ఎరువుల ద్వారా హెక్టారుకు ఏడాదికి 170 కిలోల నత్రజని మించకూడదు. మన ఎకరాకు అది సుమారు 69 కిలోలు. కోళ్ల ఎరువు రెండుంపావు టన్నులు దాటితే ఆ గీత దాటినట్టే. మనకు అలాంటి చట్టం లేదు, కానీ మనం తాగేది కూడా బోరు నీళ్లే.

ట్రాలీ లెక్క వదిలి కాటా లెక్క

"ఎకరాకు నాలుగు ట్రాలీలు వేశాను" అంటే ఎంత వేసినట్టు? ట్రాలీ పరిమాణం, ఎరువులోని తడి, ఎత్తుగా నింపారా గోడ మట్టానికే నింపారా, వీటిని బట్టి ఒక ట్రాలీ ఒకటిన్నర టన్నులు ఉండొచ్చు, మూడు టన్నులూ ఉండొచ్చు. కాబట్టి మొదటి లోడును కాటా మీదికి తీసుకెళ్లండి. ఖాళీ బరువు, నిండు బరువు రెండూ తూయించండి. ఆ రోజంతా అదే కుప్ప నుంచి, అదే ఎత్తుకు నింపితే మళ్లీ తూయనవసరం లేదు. కొన్న ఎరువైతే ఈ ఒక్క తూకంతోనే అమ్మినవాడు ఎంత ఇచ్చాడో కూడా తేలిపోతుంది.

పట్టా పరీక్ష

ఇది ఎవరైనా చేయగలిగిన పని. కావలసింది ఒక టార్పాలిన్ పట్టా, ఒక టేపు, వేలాడదీసి తూచే చిన్న కాటా.

పట్టాను 6.6 అడుగుల (6 అడుగుల 7 అంగుళాలకు కాస్త పైన) పొడవు, అంతే వెడల్పుకు కత్తిరించండి. ఈ కొలతలో ఒక సులువు ఉంది. ఎకరా అంటే 43,560 చదరపు అడుగులు. 6.6 అడుగుల చదరం వైశాల్యం 43.56 చదరపు అడుగులు, అంటే ఎకరాలో సరిగ్గా వెయ్యో వంతు. టన్ను అంటే వెయ్యి కిలోలు. కాబట్టి పట్టా మీద ఎన్ని కిలోలు పడితే ఎకరాకు అన్ని టన్నులు పడుతున్నట్టు. గుణకారాలేమీ అక్కర్లేదు, కాటా చూపించిన అంకే మీ జవాబు.

పట్టాను పొలంలో పరిచి, మూలల్లో మేకులు దిగగొట్టండి. రాళ్లు పెట్టకండి. స్ప్రెడర్ పట్టాకు నలభై అడుగుల ముందే చల్లడం మొదలుపెట్టి, అదే వేగంతో దాని మీదుగా వెళ్లాలి. చక్రాలు పట్టా మీద నడిచినా ఫర్వాలేదు, ఎరువు పడేది చక్రాల వెనకే కదా. లోడు మొదట్లో, చివర్లో ఎరువు పల్చగా పడుతుంది, అందుకే లోడు మధ్యలో ఉన్నప్పుడే పరీక్ష చేయండి. పట్టాను నాలుగు మూలలా ఎత్తి మూటగట్టి తూయండి, పట్టా బరువు తీసేయండి. ఇలా మూడు చోట్ల చేసి సగటు తీసుకోండి.

మీకు కావలసింది 4, వచ్చింది 6.4 అనుకుందాం. రెండు మార్గాలున్నాయి. ఒకటి, గొలుసు వేగం తగ్గించడం. 4ను 6.4తో భాగిస్తే ఎనిమిదింట ఐదు వంతులు వస్తుంది. గొలుసు అమరిక 8 మీద ఉంటే 5కు తగ్గించి మళ్లీ పట్టా పరచి చూడండి. రెండు, గొలుసును అలాగే ఉంచి ట్రాక్టర్ వేగం పెంచడం. గంటకు 3 కిలోమీటర్లు పోతుంటే 4.8కి తీసుకెళ్లాలి.

వేగం పెంచమన్నానని యాక్సిలరేటర్ తొక్కకూడదు. డ్రైవర్లు మొదట చేసేది అదే. యాక్సిలరేటర్ మారితే పీటీవో చుట్లు మారతాయి, బీటర్లు విసిరే దూరం మారుతుంది, మొత్తం కొలత చెడిపోతుంది. ఇంజన్‌ను పీటీవో 540 వచ్చేచోట నిలిపి, వేగాన్ని గేరుతోనే మార్చాలి. వేగం మీటరు పని చేయని ట్రాక్టరైతే వంద అడుగులు కొలిచి రెండు కర్రలు పాతండి. 27 సెకన్లలో దాటితే గంటకు 4 కిలోమీటర్లు.

ఇక వెడల్పు. యంత్రం వెనక ఎరువు మధ్యలో దట్టంగా, అంచుల్లో పల్చగా పడుతుంది. ఒక వరసకూ పక్క వరసకూ మధ్య ఎంత దూరం ఉండాలో కంటితో చెప్పలేం. 3 అడుగుల 4 అంగుళాల చదరపు పట్టాలు ఆరేడు కత్తిరించి, ట్రాక్టర్ దారికి అడ్డంగా ఒకదాని పక్కన ఒకటి పరవండి. ఒకసారి నడిపి, విడివిడిగా తూయండి. నడిమి పట్టాలో పడినదానిలో సగం ఎక్కడ పడిందో రెండు వైపులా గుర్తుపెట్టుకోండి. ఆ రెండు చోట్ల మధ్య దూరమే మీ వరస వెడల్పు. పక్క వరస వచ్చినప్పుడు అంచులోని సగం, దాని సగం కలిసి నిండు అవుతాయి. చారలు రాకుండా ఆపేది ఈ కొలతే. వెడల్పు 10 అడుగులు వస్తే పది అడుగులకొకటి చొప్పున గట్ల వెంట కర్రలు పాతి, డ్రైవర్‌ను కర్ర నుంచి కర్రకు నడవమనండి.

చివరగా ఒక సరిచూపు. లోడు 3 టన్నులు ఉంటే, ఎకరాకు 4 టన్నుల చొప్పున అది 30 గుంటలకు, అంటే 75 సెంట్లకు రావాలి. యాభై సెంట్లకే అయిపోతే ఎకరాకు 6 టన్నులు పడుతున్నట్టు. వరస వెడల్పు 10 అడుగులైతే ఎకరా పూర్తికావడానికి ట్రాక్టర్ 4,356 అడుగులు నడవాలి, గంటకు 4 కిలోమీటర్ల వేగంతో ఇది 20 నిమిషాల పని. మలుపులు, లోడింగ్ సమయం దీనికి అదనం. అద్దె గంటల లెక్కన మాట్లాడుకునేవాళ్లకు ఈ అంకె చేతిలో ఉండాలి.

ఇదంతా ఎక్కువ శ్రమ అనిపించవచ్చు. ఎరువు మారినప్పుడు ఒక్కసారి చేస్తే చాలు, ఒక గంట పడుతుంది. పక్క రైతులతో కలిసి యంత్రం తెచ్చుకుంటే ఆ గంట అందరిదీ.

ఏ రోజు చల్లాలి

ఎరువును కలియదున్నే రోజే చల్లాలి. నియమం ఇంతే, మిగతావి దీని నుంచే వస్తాయి. పైన పరిచి వదిలేసిన ఎరువులోంచి నత్రజని అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. ఎండ, గాలి ఉంటే మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ పోతుంది. కోళ్ల ఎరువు చల్లినప్పుడు కళ్లు మండేది ఆ అమ్మోనియాకే. మీరు డబ్బుపెట్టి కొన్న నత్రజనే వాసనగా పోతోంది. నెదర్లాండ్స్‌లో 1990ల నుంచి స్లర్రీని గాల్లోకి చిమ్మడం ఆపించి నేలలోకే దించమంటున్నది ఈ కారణంతోనే.

కాబట్టి రోహిణి కార్తెలో ఎరువు తోలిపెట్టుకున్నా పొలం మూలన ఒకే పెద్ద కుప్పగా ఉంచి, పైన మట్టి లేదా పట్టా కప్పండి. మృగశిరలో వాన పడి దుక్కికి పదును వచ్చినప్పుడు చల్లి, వెంటనే దున్నండి. సాయంత్రం పూట, గాలి తక్కువగా ఉన్నప్పుడు మంచిది. గాలి ఊరి వైపు వీస్తుంటే ఆగండి.

నల్లరేగడిలో ఈ నియమానికి చిక్కుంది. తడి రేగడిలోకి నిండు స్ప్రెడర్ దిగితే చక్రాల కింద నేల గట్టిపడిపోతుంది, ఆ గాడి రెండు మూడు పంటల దాకా కనిపిస్తుంది. రేగడి రైతులు వాన ముందే, నేల పొడిగా గట్టిగా ఉన్నప్పుడే చల్లుకోవడం మేలు. బాగా చివికిన పశువుల ఎరువులో అమ్మోనియా తక్కువే మిగిలి ఉంటుంది కాబట్టి నష్టం పెద్దగా ఉండదు. చల్లిన వెంటనే పొడి దుక్కిలోనే గుంటక తోలి మట్టితో కప్పేయండి. రేగడిలో కోళ్ల ఎరువు వేయాలంటే మాత్రం వాన పడ్డాక తడి ఆరి పదును వచ్చేదాకా ఓపిక పట్టాలి.

పెద్ద వాన వస్తుందని సూచన ఉంటే, ముఖ్యంగా వాలు పొలాల్లో, ఆ రోజు మానుకోండి. ఎరువు వాగులోకి పోతుంది. ఇంగ్లండ్‌లో వాగులు కాలవలకు 10 మీటర్లు, బావులు బోర్లకు 50 మీటర్లు వదలమంటారు. మన చిన్న కమతాల్లో 50 మీటర్లు వదిలితే చల్లడానికి పొలమే మిగలదు. అయినా తాగునీటి బోరు చుట్టూ కుదిరినంత దూరం తప్పకుండా వదలండి, ఎరువు కుప్ప అయితే దాని దరిదాపుల్లో అసలు పోయకండి.

నింపడం, నడపడం

ట్రాలీని ముందు నుంచి వెనక్కి నింపుకుంటూ రావాలి. వెనక భాగంలోనే బరువంతా వేస్తే ట్రాక్టర్ హుక్కు పైకి లేస్తుంది. ఎరువు బీటర్లను ఒరుసుకునేలా కుక్కకండి, కాస్త జాగా వదలండి. జేసీబీ బకెట్‌తో ఎరువును అణచకూడదు, డ్రైవర్‌కు గట్టిగా చెప్పి ఆపాలి. అణిచిన ఎరువు ముద్దగా కదిలి గొలుసును తెంపుతుంది.

మొదట బీటర్లు తిప్పండి. అవి పూర్తి వేగం అందుకున్నాకే గొలుసు కదిలించండి. ఆపేటప్పుడు గొలుసు ముందు, బీటర్లు తర్వాత. ఈ వరస తప్పితే ఎరువు బీటర్ల మీద కుప్పపడి, యంత్రాన్ని కాపాడటానికి పెట్టిన చిన్న బోల్టు తెగుతుంది. ఆ బోల్టు తెగితే అదే రకం బోల్టు వేయండి, గట్టిదని చెప్పి వేరేది వేస్తే ఈసారి తెగేది గేర్‌బాక్సు. మలుపు దగ్గర పీటీవో ఆపి తిరగాలి, లేకపోతే షాఫ్టు జాయింట్లు పోతాయి. పొడవు వైపే నడపండి, మలుపులు తగ్గుతాయి. రెండు చివర్ల తిరిగే జాగాను ఆఖరున చల్లుకోండి.

ప్రాణాల మీదికి రాకుండా

540 చుట్లు అంటే సెకనుకు 9. షాఫ్టుకు పంచె కొసో, చీర కొంగో, తలకు చుట్టిన తువ్వాలో తగిలితే చేయి ఎత్తేలోపే మనిషిని లాగేస్తుంది. షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు లేని స్ప్రెడర్‌ను అద్దెకు తీసుకోకండి. పని ఎంత అత్యవసరమైనా ఈ మాటలో రాజీ వద్దు. బీటర్లలో ఏదైనా చిక్కుకుంటే పీటీవో ఆపి, ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, బీటర్లు పూర్తిగా నిలిచాకే దగ్గరికి వెళ్లాలి. ట్రాలీలోకి ఎక్కి కాలితో ఎరువు తోసే పని ఎవరూ చేయకూడదు. నడుస్తున్న యంత్రం వెనక వంద అడుగుల లోపు మనుషులు, పశువులు ఉండకూడదు. పిల్లలు యంత్రాన్ని చూడటానికి వస్తారు, వాళ్లను గట్టు అవతల నిలబెట్టే బాధ్యత ఒకరికి అప్పగించండి.

కోళ్ల ఎరువు దుమ్ముకు మాస్కు, కళ్లద్దాలు కావాలి. స్లర్రీ గుంతల్లోకి ఎవరూ దిగకూడదు. కలిపినప్పుడు లేచే విషవాయువుకు మనిషి క్షణాల్లో పడిపోతాడు, తీయడానికి దిగిన రెండో మనిషీ పడిపోతాడు.

కలియదున్నడం, ఆ తర్వాత

స్ప్రెడర్ ఒక మడి పూర్తిచేసి రెండో మడిలోకి వెళ్లగానే, వెనకే రెండో ట్రాక్టర్ కల్టివేటర్‌తో దిగాలి. నాలుగు నుంచి ఆరు అంగుళాల లోతు చాలు. లోతు నాగలితో అడుగుకు తిరగేస్తే ఎరువు వేళ్లకు అందనంత కిందికి పోతుంది. రోటావేటర్ బాగా కలుపుతుంది, కానీ తడి నేలలో వద్దు. విత్తడానికి పది పదిహేను రోజుల ముందే ఈ పని ముగిస్తే మంచిది. కొత్తిమీర, ముల్లంగి, ఆకుకూరలు వేసే మడుల్లో పచ్చి ఎరువు అసలు వాడకండి. అమెరికా సేంద్రియ నియమాల్లో పచ్చి ఎరువు వేశాక, నేలను తాకే పంట కోయడానికి కనీసం 120 రోజులు ఆగమంటారు. మన ఆకుకూరలు నెలకే కోతకు వస్తాయి.

నేలలోని తెగుళ్లను అణిచే ట్రైకోడెర్మా అనే శిలీంద్రాన్ని వేయాలనుకునేవాళ్లు దాన్ని స్ప్రెడర్ లోడులో చల్లేయడం కంటే ముందుగా 90 కిలోల చివికిన ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోలు కలిపి, నీడలో తడిపి, వారం పదిరోజులు మగ్గబెట్టి సాళ్లలో వేసుకోవడమే మేలు. నాలుగు టన్నుల్లో కలిపేస్తే అది మొక్క మొదలుకు చేరేది కొంచెమే.

ఎంత వేశారో తెలిసింది కాబట్టి సంచి ఎరువు తగ్గించండి, కాటా పట్టుకుని కొలిచినందుకు డబ్బు తిరిగొచ్చేది ఇక్కడే. 4 టన్నుల పశువుల ఎరువు నుంచి ఈ పంటకు దొరికే ఆరేడు కిలోల నత్రజని సుమారు 14 కిలోల యూరియాకు సమానం. 2 టన్నుల కోళ్ల ఎరువులో 60 కిలోల నత్రజని ఉంటే, సగం ఈ పంటకు వచ్చిందనుకున్నా 65 కిలోల యూరియా అవుతుంది. 45 కిలోల బస్తా లెక్కన దాదాపు ఒకటిన్నర బస్తా మిగిలినట్టే. కోళ్ల ఎరువు వేసిన మడికి ఆ ఏడు డీఏపీ వేసేముందు భూసార పరీక్షలో భాస్వరం అంకె చూడండి. చాలాసార్లు వేయనక్కర్లేదు.

పని అయిపోయిన సాయంత్రమే యంత్రాన్ని ఖాళీచేసి కడగండి. లోడుతో రాత్రి నిలబెడితే ఎరువు దిగబడి, తెల్లారి గొలుసు కదలదు. ఎరువులోని లవణాలు ఇనుమును త్వరగా తినేస్తాయి. గొలుసు, బద్దలు, బీటర్ల బేరింగుల దగ్గర నీళ్లు బలంగా కొట్టి, ఆరాక గొలుసుకు నూనె, బేరింగులకు గ్రీజు పట్టించండి. రెండు గొలుసుల బిగువు ఒకేలా ఉందో లేదో చూసి, తేడా ఉంటే సరిచేయండి. తర్వాత ఒక నోటుబుక్కులో మడి పేరు, తేదీ, ఏ ఎరువు, పట్టా మీద వచ్చిన అంకె, గొలుసు అమరిక, గేరు, వరస వెడల్పు రాసి పెట్టుకోండి. వచ్చే ఏడు ఇదే యంత్రం, ఇదే ఎరువు అయితే ఆ అమరికతోనే మొదలుపెట్టి, ఒక్క పట్టాతో సరిచూసుకుంటే సరిపోతుంది.